కాళ్లు చల్లబడ్డాయన్న మాట

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల అరికాళ్లను చలికాలం పొద్దున ముట్టుకుంటే, రాత్రంతా ఆరుబయట ఉండిపోయిన ఇత్తడి చెంబును ముట్టుకున్నట్టుంటుంది. ఈ పసిపిల్లల వార్డులో నర్సుగా ఇన్నేళ్లు పనిచేశాక కూడా, ఆ చల్లదనం వేళ్లకు తగిలితే నాకు మోచేతి దాకా పాకుతుంది. ఈ రోజూ అంతే. డ్యూటీకి వచ్చి చెప్పులు విడిచానో లేదో, మూల మంచం దగ్గర నుంచి ఒక ముసలమ్మ కేకేసింది. బీర్కూర్ వైపు నుంచి వచ్చినవాళ్లు. మనవరాలి పాదాలు రెండూ గుప్పిట్లో పట్టుకుని ఉంది. "సిస్టరమ్మా, కాళ్ళు సల్లవడ్డయ్," అంది.

మా వైపు ఆ మాటకూ వాతావరణానికీ సంబంధం లేదు. చలేస్తే "సలి పెడుతుంది" అంటాం. జ్వరం దిగితే "ఒళ్ళు సల్లగైంది" అని సంతోషిస్తాం. "కాళ్ళు సల్లవడ్డయ్" అన్నారంటే మాత్రం ఆ మనిషి ఇక దక్కడని అర్థం. ఆ మాట చెవిన పడగానే ఒకరు తులసినీళ్లకు పరుగెత్తుతారు, ఇద్దరు కలిసి మనిషిని మంచం మీది నుంచి నేల మీదికి దించుతారు. మంచం మీద ప్రాణం పోకూడదని ఆచారం. నేనూ ఆ మాటను అలాగే విని, అలాగే భయపడి పెరిగాను. దాని అర్థాన్ని నా కళ్లముందే తిరగేసి చూపించిన మనిషి ఒకామె ఉండేది. తొంభైలలో బాన్సువాడ జూనియర్ కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పిన దయామణి మేడం.

పొట్టి మనిషి, గట్టి గొంతు. మాఘమాసం దాటినా విప్పని గోధుమరంగు స్వెట్టరు. జంతువులు ఒంటి వేడిని ఎలా కాపాడుకుంటాయో గంటలకొద్దీ చెప్పే మనిషికి తన ఒంటి వేడి నిలుపుకోవడం మాత్రం చేతకాదు. ఏ కాస్త గాలి వీచినా "థండీ, థండీ" అంటూ చేతులు చంకల్లో దోపుకునేది. మద్నూర్ దగ్గర పల్లె ఆమెది. తల్లీ తండ్రీ కూలికి వెళ్లేవాళ్లు. చుట్టూ మరాఠీ వినిపించే చోట పెరగడం వల్ల చలీ కోపమూ రెండూ ఆమెకు ఆ భాషలోనే ముందు వచ్చేవి. మేం ఆమెకు స్వెట్టర్ మేడం అని పేరు పెట్టాం. ఆ సంగతి ఆమెకు తెలుసు. "ఔ పిల్లలు, నాది బల్లి రక్తం. ఎండ తగిలితెనే బండి నడుస్తది," అని కుర్చీని వరండాలోంచి ఎండలోకి ఈడ్చుకుని అక్కడే పాఠం మొదలుపెట్టేది. మా సందులోనే, మా ఇంటికి రెండిళ్ల అవతల కిరాయికి ఉండేది. పొద్దున్నే మా అరుగు మీద ఎండకు కూర్చుని మా అవ్వతో కోళ్ల గురించి ముచ్చట పెట్టేది. నాన్నను కన్న ఆ అవ్వకు కోళ్లంటే ప్రాణం. అంత చదువుకున్నామె గంపకింది కోడి గురించి తనను అడగడమేమిటని అవ్వకు ఒకటే గర్వం.

మా కాలేజీలో ప్రయోగశాల అంటే రెండు బల్లలు, రంగు వెలిసిన పాము ఉన్న ఒక సీసా. మేడం మొదటివారంలోనే దాన్ని చూసి పెదవి విరిచింది. "ఊరంత ల్యాబ్ పెట్టుకొని గీ అర్రల ఏం జేస్తం? పదున్రి," అని మమ్మల్ని బయటికి తోలింది. అప్పటినుంచి మా చదువంతా రోడ్ల మీదే. చెరకు ట్రాలీ కింద నీడలో నేలను గీరి, తడిమట్టి తేలేదాకా తవ్వి, అందులో పొట్ట ఆనించి పడుకున్న కుక్కను చూపించేది. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చెమట అనేది. కాలువలోంచి లేచిన బర్రెను ఒకాయన రుద్ది రుద్ది కడుగుతుంటే ఆగి, "అన్నా, గా బురద ఉండనీయి. అది దాని తడిబట్ట," అని బతిమాలింది. ఆయన ఈమెను ఎగాదిగా చూసి ఇంకాస్త గట్టిగా రుద్దాడు. మేం నవ్వాం. మేడం కూడా నవ్వింది.

ఆ డిసెంబరులో ఒక పొద్దున బీర్కూర్ రోడ్డు మీద మమ్మల్ని నడిపించుకుంటూ తీసుకెళ్లింది. యాసంగి నాట్లకు దమ్ము చేసిన మళ్లలో నీళ్లు నిండుగా ఉన్నాయి. మంచు ఇంకా విడలేదు. ఆ నీళ్లలో తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి, మెడ భుజాల్లోకి కుదించుకుని. మాలో ఒకడు ఊరుకోలేక, "కొంగజపం మేడం!" అన్నాడు. మేమంతా గొల్లుమన్నాం. మేడానికి కోపం వచ్చింది. "అరే బాబా, దొంగజపమని పేరు పెట్టింది మనం. గది రెండో కాలు ఎందుకు మడిచిందని ఒక్కడన్న అడిగిండా?" అని, నా వైపు తిరిగి, "విజయా, చెప్పు ఇడిసి నీళ్లల్ల కాలు పెట్టు," అంది.

పెట్టాను. చలి పిక్కలోకి సూదిలా దిగింది. అరనిమిషం కూడా నిలవలేక గట్టుమీదికి గెంతాను.

"నీకు ఇంత కండ ఉంది, నెత్తురుంది, నిలవడలేకపోయినవ్. దాని కాలు చూడు, పుల్ల. ఈక లేదు, కొవ్వు లేదు. తెల్లారేదాక గట్లనే నిలవడ్డది. ఒంట్లె ఉన్న వేడంత గా కాలు పొంటి నీళ్లల్లకు కారిపోవాలె గద? ఎందుకు పోతలేదు?"

అప్పుడు మేడం తన రెండు చూపుడువేళ్లను పక్కపక్కన ఆనించి చూపించింది. గుండె నుంచి కిందికి దిగే వెచ్చని నెత్తురు నాళం, పాదం నుంచి పైకి వచ్చే చల్లని నెత్తురు నాళం, రెండూ ఆ సన్నకాలిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయట. కిందికి వెళ్లే నెత్తురు తన వేడిని పైకి వచ్చేదానికి ఇచ్చేసి వెళుతుందట. "ఊరికి వచ్చేటోనికి, ఊరిడిసి పోయేటోడు తొవ్వల తన గొంగడి కప్పి పోయినట్టు," అంది. అందువల్ల పాదం చేరేసరికి నెత్తురు చల్లబడి ఉంటుంది, నీళ్లు దోచుకోవడానికి వేడి మిగలదు; వేడంతా తిరిగి గుండెకే చేరుతుంది. ఆ మిగిలిన కాస్త నష్టాన్ని కూడా సగానికి తగ్గించడానికి రెండో కాలును పొట్టకింద ఈకల్లో దాచుకుంటుంది.

"గందుకే దాని కాలు సల్లగుంటది. కాలు సల్లగుంటెనే కొంగ బతికుంటది. యాదికి పెట్టుకోండ్రి."

అప్పటికి ఎన్ని వందల కొంగలను చూశానో. పుట్టినప్పటినుంచీ అవి మా మళ్లలోనే ఉన్నాయి. ఇంత పెద్ద ఏర్పాటును ఆ పుల్లకాళ్లలో దాచుకుని, ఎవరికీ చెప్పకుండా నిలబడి ఉన్నాయని నాకు తెలియలేదు. గుడిలో కూడా నాకు అంత భయభక్తులు కలగలేదని చెబితే మా అవ్వ కొట్టేదేమో గాని, నిజం అదే. వచ్చేదారిలో కొంగజపం అన్నవాడు కూడా ఆగి ఆగి వెనక్కి తిరిగి వాటినే చూశాడు.

ఆ ఎండాకాలం ఇంకొకటి జరిగింది. ఎండిపోయిన కుంటలో పూడిక తీస్తుంటే మట్టిగడ్డలో కరుచుకుపోయిన పెద్ద కప్ప ఒకటి దొరికిందని కాలేజీ అటెండరు మొగులయ్య పట్టుకొచ్చాడు. రాయిలా ఉంది. కళ్లు మూసుకుంది, కాళ్లు ఒంట్లోకి ముడుచుకుంది, కర్రతో పొడిచినా కదల్లేదు. "చచ్చింది మేడం, సీసాల ఏద్దామా?" అన్నాడు. మేడం దాన్ని అరచేతిలో పెట్టుకుని గొంతు కింద చర్మం శ్వాసకు కదులుతోందేమోనని చూస్తూ కూర్చుంది. "మొగులన్నా, సచ్చుడు ఏరే, తగ్గించుకునుడు ఏరే," అంది. తిండి లేదు, నీళ్లు లేవు. అందుకని శ్వాస తగ్గించుకుంది, గుండె కొట్టుకోవడం తగ్గించుకుంది, ఉన్న కాస్త నూనెతో దీపం వానల దాకా వెలగాలి గనక వత్తిని కిందికి దించుకుంది. ఆ కప్పను తడి ఇసుక పోసిన కుండలో పెట్టి మూత వేసింది. మర్నాడు మేం వెళ్లేసరికి కుండ ఖాళీ. బీరువా కింద నుంచి రెండు కళ్లు మమ్మల్ని చూస్తున్నాయి. మొగులయ్య దణ్ణం పెట్టాడు. మేడం, "దీని పరీక్షైంది, పాసైంది. పోయి కాలువల ఇడిసిరా," అంది.

ఇవన్నీ నాకు అప్పట్లో పాఠాలే. ఆశ్చర్యమైన పాఠాలు, అంతే. ఇంటర్ రెండో ఏడు చలికాలం వచ్చేదాకా.

మా సుజాతక్క తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చి దవాఖానలో కొడుకును కన్నది. పిల్లవాడు అరచేతికి కాస్త పెద్ద. ఇంకొన్ని రోజులు ఇక్కడే ఉంచండి అని డాక్టరమ్మ చెప్పినా, ఆ రోజు మంచిరోజని, ఇంట్లో అయితే బాగా చూసుకుంటామని మావాళ్లే పట్టుబట్టి తెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున అవ్వ పిల్లవాడికి నీళ్లు పోసింది. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆమే పోసింది, నాకూ పోసింది. కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్లమీద వేసుకుని, నూనె రాసి, ఉడుకునీళ్లు పోసింది. మంచు పెరట్లోకి దిగుతోంది. పిల్లవాడు మొదట కీచుమన్నాడు, తర్వాత ఊరుకున్నాడు. హాయిగా ఉందనుకున్నాం. బట్టలో చుట్టి లోపలికి తెచ్చాక అక్క పాలివ్వబోతే నోరు పట్టలేదు. ఏడవలేదు. పెదవుల చుట్టూ నీలంగా ఉంది.

అవ్వ వాడి పాదాలు పట్టుకు చూసింది. ఆమె ముఖం మారిపోవడం నేను చూశాను. "కాళ్ళు సల్లవడ్డయ్ బిడ్డా," అంది. అక్క కెవ్వుమంది. అవ్వ కళ్లనీళ్లు కారుతుండగానే, చాప పరిచి, బిడ్డను మంచం మీది నుంచి నేల మీదికి దించింది. ఆమెది రాతిగుండె కాదు. తన పిల్లల్లో ఇద్దరిని అలాగే చేతులారా దించిన మనిషి. పోయే ప్రాణానికి చేయగలిగిన చివరి మర్యాద అదొక్కటే అని ఆమె నమ్మకం. నేను మేడం ఇంటికి పరుగెత్తాను.

జుట్టు ముడి కూడా వేసుకోకుండా వచ్చింది మేడం. చాప పక్కన మోకాళ్లమీద కూర్చుంది. చేతిని తిప్పి, వేళ్ల వెనకభాగం మొదట పాదాలకు ఆనించింది. తర్వాత బట్ట కిందినుంచి పొట్టకు ఆనించి, కళ్లు మూసుకుని ఆగింది. "విజయా, నువ్వు పెట్టు చెయ్యి. గిక్కడ."

పెట్టాను. కోడి లేచివెళ్లిన గూట్లో గుడ్డు ఎంత వెచ్చగా ఉంటుందో, పొట్ట అంత వెచ్చగా ఉంది. మేడం నా కళ్లలోకి చూసి ఒకే ఒక్క మాట అంది.

"కొంగ."

ఇంట్లో అందరూ ఈమెకు మతిపోయిందనుకుని ఉంటారు. నాకు మాత్రం అర్థమైంది. వీడు పోవడం లేదు. తడి ఒంటికి పెరట్లో మంచుగాలి తగిలి చల్లబడ్డాడు. చేతులకూ కాళ్లకూ పంపే వేడిని ఆపుకుని, ఉన్నదంతా లోపల గుండెకు దాచుకుంటున్నాడు. ఏడవకపోవడం కూడా ఉన్న కాస్త నూనెను పొదుపు చేసుకోవడమే. నాలుగు రోజుల బిడ్డ, ఎవరూ నేర్పకుండా, యుద్ధం చేస్తున్నాడు. మేం వాడిని తీసుకెళ్లి చల్లని గచ్చు మీద పెట్టాం. ఇంకాసేపు అక్కడే ఉంటే ఆ పొట్ట కూడా చల్లబడేది, అప్పుడు అవ్వ మాటే నిజమయ్యేది.

మేడం బిడ్డను ఎత్తుకోబోతే అవ్వ అడ్డంగా చెయ్యి పెట్టింది. "దించినంక మల్ల ఎత్తొద్దు మేడం. అరిష్టం." నేనైతే అరిచి ఉండేదాన్ని. మేడం అరవలేదు. రోజూ అరుగు మీద కోళ్ల ముచ్చట చెప్పే గొంతుతోనే అడిగింది.

"అవ్వా, వానల తడిసిన కోడిపిల్ల సల్లగై పడిపోతె ఏం జేస్తవ్?"

అవ్వ తెల్లబోయింది. "తల్లి రెక్కల కిందికి తోస్త."

"సచ్చిందని పారేయవా?"

"పానముంటె ఎట్ల పారేస్త? రెక్కల కింద పడితె చానమట్టుకు లేస్తయ్..." అవ్వ బిడ్డను చూసింది. మంచం మీద ఏడుస్తున్న అక్కను చూసింది. తర్వాత తనే వంగి, బిడ్డను తీసి, తడి బట్ట విప్పేసి, పొడిగుడ్డతో తల తుడిచి, అక్క రవికె గుండీలు విప్పి, వట్టి ఒంటిని వట్టి ఒంటికి ఆనించి రొమ్ముల నడుమ పడుకోబెట్టింది. పైన గొంగడి కప్పింది. ఎట్లా పెట్టాలో మేడం ఒక్క మాట కూడా చెప్పాల్సి రాలేదు.

"గట్లనే దవాఖానకు పోదాం. గుండెల మీదికెళ్ళి మాత్రం తియ్యొద్దు," అంది మేడం. నాన్న ఆటో తెచ్చాడు. పక్కలు మూయని ఆటోలో మంచుగాలి ఈలలు వేస్తోంది. మేడం అప్పుడు స్వెట్టరు విప్పి, అక్క మెడ దగ్గర గాలి దూరే సందులో కుక్కింది. చలికాలంలో ఆ స్వెట్టరు లేకుండా ఆమెను చూడడం నాకు అదే మొదలు. రెండు నిమిషాల్లో ఆమె పళ్లు టకటక కొట్టుకోవడం మొదలైంది. నేను కంగారుపడితే నవ్వడానికి ప్రయత్నించింది. "ఫికర్ చెయ్యకు పిల్లా. వణుకుడంటె కండలు పొయ్యి రాజేసుకునుడు. పసిపిల్లలకు గిది రాదు, గందుకే వాళ్లకు మనిషి కావాలె," అంది. కాసేపాగి, "చిన్నప్పుడు మేం ఐదుగురం ఒక్క గొంగడి కింద పండేటోళ్ళం, కుక్కపిల్లల లెక్క. నేను సదివిన సదువంత ఆడనే ఉంది," అంది.

దవాఖాన మెట్లు ఎక్కుతుంటే గొంగడి లోపలి నుంచి పిల్లికూన అరుపు లాంటిది వినిపించింది. అక్క అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది. అంత అందమైన ఏడుపు నేను మళ్లీ వినలేదు, తల్లిదీ బిడ్డదీ. ఈసారి డాక్టరమ్మ పంపించేదాకా మావాళ్లు ఇంటి మాట ఎత్తలేదు. ఇంత చిన్న బిడ్డకు అప్పుడే నీళ్లు పోయొద్దని మేడం చెప్పినందుకు, అవ్వ మాత్రం తర్వాత చాలాకాలం ఆమెను ఆటపట్టించేది. "మీసాలొచ్చేదాక పోరనికి నీళ్ళు పొయ్యొద్దంటదేమో మీ మేడం!" అని. ఆ పోరడికి మీసాలొచ్చాయి. ఇప్పుడు చెరకు ట్రాక్టరు నడుపుతాడు. వాడి కాళ్లు ఇప్పటికీ చల్లగానే ఉంటాయని వాళ్లమ్మ దిగులు. ఉండనీ అంటాను నేను.

నేను నర్సింగులో చేరాను. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. మేడం బదిలీల మీద తిరిగి తిరిగి, రెండువేల తర్వాతి సంవత్సరాల్లో ఆరోగ్యం పాడై, మద్నూర్‌లో తమ్ముడి ఇంటికి చేరింది. కబురు తెలిసి వెళ్లాను. లారీల మోత వినిపించే చిన్న గదిలో, రెండు దుప్పట్ల కింద, మనిషి సగమైపోయి ఉంది. ఒంటి మీద స్వెట్టరు ఉంది, అదే రంగు, అదేనో కాదో అడగలేదు. గుమ్మంలో బంధువులామె నా చెవిలో గుసగుసగా అదే మాట అంది, కాళ్లు సల్లవడ్డయని.

మేడం చెవులు పాముచెవులు. కళ్లు తెరవకుండానే, "విన్న," అంది. "నిజమేనా విజయా?"

దుప్పటి ఎత్తి పాదాలు ముట్టుకున్నాను. "నిజమే మేడం. చల్లగా ఉన్నాయి."

"మరి పొట్ట?"

వేళ్లు తిప్పి ఆనించాను. ఆమె చూపించిన పద్ధతే. నేను నర్సును, ఆమె టీచరు. మా ఇద్దరి మధ్య అబద్ధానికి చోటు లేదు. "వెచ్చగా ఉంది మేడం."

"అయితె కొంగ ఇంకా నిలవడే ఉన్నది," అంది. ఆమె పెదవుల మీద నవ్వులాంటిది మెదిలింది. నేను ఆ రోజు ఆ గదిలో ఉన్నంతసేపూ చెయ్యి తీయలేదు. తర్వాతి వారం ఆమె పోయింది. ఆ కబురు విన్నప్పుడు ఏడ్చాను. ఆ తర్వాత చాలా రోజులు కొంగలు కనబడితే ముఖం తిప్పుకునేదాన్ని. చూడలేక.

ఇంతకీ మూల మంచం ముసలమ్మ దగ్గర ఉన్నాను కదా. ఆమె గుప్పిట్లోంచి పాదాలు విడిపించి, ఆమె చేతినే తీసుకుని, తిప్పి, వేళ్ల వెనకభాగాన్ని మనవరాలి పొట్టకు ఆనించాను. "చెప్పు అవ్వా, ఎట్లుంది?" అన్నాను. "ఎచ్చగుంది," అంది ముసలమ్మ. అయితే రా అని, ఆమె కోడలి గుండెల మీద పిల్లను పడుకోబెట్టించి, పైన కప్పి, డాక్టరుగారికి చెప్పి, మిగతా పనిలో పడ్డాను.

మధ్యాహ్నం పాలసీసాలు కడుగుతుంటే వార్డులోకి కొత్తగా వచ్చిన ఒక తల్లి ఏడుపు వినిపించింది, పిల్లవాడి కాళ్లు చల్లగా ఉన్నాయని. నేను చేతులు తుడుచుకుని లేచేలోగా మూల మంచం దగ్గరి ముసలమ్మ అక్కడికి చేరిపోయింది. "గట్ల కాదు బిడ్డా," అంటోంది, తన ముడతల చెయ్యి తిప్పి చూపిస్తూ. "కాళ్లు కాదు. గిక్కడ పెట్టి చూడు."